పన్నెండు పైసలు

మైపాడు రోడ్డులో ఐసు ఫ్యాక్టరీ పైన మేడ గది.
రొయ్యల ఏజెంటు దగ్గర లెక్కలు రాస్తాను.
కౌంటు, రేటు, కోత, మేత బాకీ,
తడిసిన చీటీల్ని ఫ్యాను కింద ఆరబెట్టి
పుస్తకంలోకి ఎక్కించే పని.
మధ్య మధ్యలో ఫోను.
ఫోనులో డాలరు.

రొయ్య డాలర్లకే కదా పొయ్యేది,
ఇన్నేళ్ళు దాని వాసన నా చొక్కాకి ఉంది కదా,
డాలరు కూడా నాకు తెలిసిందే అనుకున్నాను.

ఎనభైమూడు నలభైరెండుకి కొన్నాను, యాభై లాట్లు.
ఎనభైమూడు ముప్పైకి స్టాపు పెట్టాను.
మధ్యన పన్నెండు పైసలు.
పోతే ఆరువేలు, పోనీ, అనుకున్నాను.
పొద్దున తొమ్మిదింటికి, దోసెలు తిని కూర్చున్నవాడు
ఎంత ఉదారుడో!

పోయిన నెల ఇట్టాగే పెట్టాను.
సరిగ్గా నా గీతని ముట్టుకుని
నన్ను బయటికి నెట్టి
తను మళ్ళీ పైకెక్కిపోయింది.
ఆ మంట ఇంకా ఆరలేదు.
అందుకే పదకొండింటికి ధర జారుతుంటే
గీతని కాస్త కిందికి జరిపాను, పద్దెనిమిదికి.
కింద ఐసు దిమ్మలు పగలగొడుతున్నారు.
రెండింటికి ఇంకాస్త, అయిదు పైసలకి.
క్యారియర్లో అన్నం చల్లారిపోయింది.
నాలుగింటికి అసలు గీతే తీసేశాను.
గట్టు నేనే తెంచి
నీళ్ళకి నా మీద గౌరవం ఉంటుందని కూర్చున్నాను.

చీకటి పడేవేళకి గంగపట్నం నుంచి చెంచురత్నం ఫోను:
"పట్టేస్తుండాం అబ్బయ్యా, ఈ రాత్రికే. బండి పంపు."
డెబ్బయ్యో రోజు గుంట అది.
ఇంకో నలభై రోజులుంటే నలభై కౌంటు వచ్చేది.
"చెక్‌ట్రేలో నాలుగు రొయ్యలకి చుక్కలుండాయి,
తల మీద ఉప్పు చల్లినట్టు."
"నాలుగేగా అక్కా, రెండ్రోజులు చూడకూడదా?"
"కనపడినయి నాలుగు.
కనపడనివి ఎన్నో నువ్వు చెప్తావా?"

రాత్రంతా వల లాగారు.
ఏరియేటర్లు ఒక్కొక్కటే ఆపుతుంటే
చెవులకి ఏదో లోటు.
ఎనభై కౌంటు, రెండు టన్నులకి తక్కువ.
ఆ డబ్బుతో మేత బాకీ కూడా తీరదు.

తెల్లారి తొమ్మిదింటికి డాలరు
ఎనభైరెండు డెబ్బయ్యారు దగ్గర కళ్ళు తెరిచింది.
రాత్రికి రాత్రి ఒక్క గెంతులో వచ్చింది,
దానికి ఏ స్టాపైనా ఏం చేసేది, అని
ఒక పూట నాకు నేను చెప్పుకున్నాను.
అబద్ధం.
నా మొదటి గీత
ముందు రోజు పదకొండింటికే నన్ను దించేసి ఉండేది,
ఆరువేలు తీసుకుని, మర్యాదగా.
ముప్పై మూడు వేలు పోయాయి.

చెంచురత్నం చీటీ కోసం వచ్చింది,
మోకాళ్ళ దాకా బురద ఎండిపోయి.
"ఏందా ఎర్రంకెలు?" అంది నా ఫోను చూసి.
చెప్పాను. ఎక్కడ ఆగాలో ముందే రాసిపెట్టుకునే ఆర్డరని.
కాసేపు ఆలోచించింది.
"అంటే ఎంత ఏడవాలో
ముందే కొలిచి పెట్టుకోవడం."
"అంతే అక్కా."
"మరి కొలతపాత్ర నీ చేతిలోనే ఉంచుకున్నావే?"

నేనేం మాట్లాడలేదు.
ఆమె డబ్బు రెండుసార్లు లెక్కబెట్టుకుంది.
గుంట ఎండగట్టాలి, సున్నం చల్లాలి,
పిల్ల ఎప్పుడొదిలేది తర్వాత చూద్దామని
మెట్లు దిగిపోయింది.
ఏడ్చిందేమో, నా ముందు మాత్రం కాదు.

స్టాపు ఆర్డరుకి ఆయుష్షు ఒక్క రోజే.
సాయంత్రం ఐదింటికి చచ్చిపోతుంది,
పొద్దున్నే మళ్ళీ మనమే పుట్టించాలి.
ఈసారి అయిదు లాట్లే.
ఆమె చీటీ నకలు వెనక
పెన్నుతో రాసుకున్నాను: పన్నెండు పైసలు.
కింద సంతకం కూడా పెట్టాను,
మధ్యాహ్నం వచ్చే నాకు చూపించడానికి.

చీటీ ఇంకా తడిగానే ఉంది.
అంకె అప్పుడే కాస్త అలుక్కుంటోంది.